జెనీవాలో ఒంటిగంటా అయిదు

రెండూ అయిదు. దిగేసి ఉంటుంది. లండన్ నుంచి జెనీవాకి నాలుగువందల అరవై ఎనిమిది మైళ్ళు. గాల్లో గంటా పది నిమిషాలు, రెండు చివరలా నేల మీద దొర్లడం కూడా కలుపుకుంటే గంటా ముప్ఫై అయిదు. లండన్‌లో పదిన్నర అంటే మన దోహాలో పన్నెండున్నర, దానికి గంటా ముప్ఫై అయిదు కలిపితే రెండూ అయిదు. ఇంతవరకూ నా లెక్కకి వంక లేదు. మా ఆవిడ సుకుమారి ఈపాటికి బెల్టు విప్పుకుని, పక్క సీట్లో తను నర్సుగా చూసుకునే పెద్దావిడ కాళ్ళు రెండూ మెల్లగా కిందికి దించి చెప్పులు తొడుగుతూ ఉంటుంది, అందరూ దిగేదాకా ఆగుదాం యుమ్మా అంటూ ఉంటుంది, అరబ్బీలో అమ్మా అని. విమానం సరిగ్గానే దిగింది, అందులో మనుషులూ సరిగ్గానే ఉన్నారు. అక్కడి గోడ మీద గడియారమే నా కొంప ముంచింది. ఆ గడియారంలో ఇప్పుడు పన్నెండూ అయిదు. తనని చూడటానికి అక్కడికి వచ్చే వాళ్ళక్కకి, అంటే మా వదినకి, నేను చెప్పింది ఒంటిగంటా అయిదు.

దోహాలో ఉమ్ ఘువైలినా పేటలో ఈ ట్రావెల్ ఆఫీసులో, ఈ కుర్చీలోనే కూర్చుని ఏడేళ్ళుగా టిక్కెట్లు రాస్తున్నవాణ్ణి, నేను చేయాల్సిన తప్పా ఇది? పేరులో అక్షరం తప్పు రాసినవాళ్ళని చూశాను, తేదీ తారుమారు చేసి తిట్లు తిన్నవాళ్ళని చూశాను, చూసి లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. యూరప్ అంతా లండన్ కంటే గంట ముందుంటుంది, ఇది నాకు ప్రభువు ప్రార్థనంత కంఠతా వచ్చు. పదకొండు నెలలు అది నిజమే. సెప్టెంబరు చివరి ఆదివారం సముద్రానికి అవతల యూరప్ వాళ్ళంతా ఎండాకాలపు గడియారం మానేసి గంట వెనక్కి తిప్పుకుంటారు, లండన్ వాళ్ళు మాత్రం మాకేం తొందర అన్నట్టు అక్టోబరు నాలుగో ఆదివారం దాకా తిప్పరు. ఆ నాలుగు వారాలూ లండన్‌కీ జెనీవాకీ ఒకటే టైము. టిక్కెట్టు మీద బయల్దేరే టైమే ఉంటుంది, దిగే టైము ఉండదు, దిగేది మేమే లెక్కగట్టి చెబుతాం, అదే మా గొప్ప. లావుపాటి టైంటేబుల్ పుస్తకం ఎదురుగానే ఉంది, తెరిస్తే అదే చెప్పేది. తెరవలేదు. నోటికొచ్చిన లెక్కకి పుస్తకమెందుకనుకున్నాను. మధ్యాహ్నం ఆఫీసు కట్టేసి భోజనానికి వెళ్తూ, మా సీనియర్ బుర్హానుద్దీన్ భాయ్, బొంబాయి మనిషి, తాళాలు జేబులో వేసుకుంటూ, వచ్చే వారం పారిస్ వెళ్ళే పాసింజర్ సంగతి చెబుతూ ఈ నెలంతా లండన్, పారిస్ ఒకటే టైము, మర్చిపోకు జడ్సన్ అన్నాడు. నేను తలూపాను. ఊపిన తల అలాగే ఆగిపోయింది. ఆయన వెళ్ళిపోయాడు. అప్పుడు టైము ఒకటీ పది.

వెంటనే వదిన పని చేసే ఇంటికి ఫోన్ చేశాను. ఆ ఇంటావిడ తీసి, జెరూషా చర్చికి వెళ్ళింది, అటునుంచి ఏదో పనుందట, మూడింటికి వస్తుంది అంది. ఏ చర్చి అంటే ఆవిడకి తెలియదు. చాలా మర్యాదగా తెలియదంది. నేనూ చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను, పెట్టేసి నా నెత్తి మీద నేనే ఒకటి మొట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో చిన్నప్పటి నుంచీ వింటున్నాను, పట్టుకోవడం ఇవాళే. షట్టరు సగం దించి ఉంది. బయట ఎండ తెల్లగా, రోడ్డు మీద కుక్క కూడా లేదు, దోహా మొత్తం తలుపులేసుకుని పడుకుంది, నాలుగింటికి గానీ లేవదు. మా గదిలో ఫోను లేదు కాబట్టి, దిగగానే ఇక్కడికే చేస్తానంది సుకుమారి. నేను ఈ ఫోన్ ముందు కూర్చోవాలి. ఇంకేం చేయడానికీ లేదు. నెత్తి మీదుగా ఏదో విమానం ఎయిర్‌పోర్టు వైపు దిగుతూ అద్దాలు గజగజలాడించింది, బొంబాయిదే అయి ఉంటుంది, పది నిమిషాలు లేటు.

సుకుమారి నన్ను ఎంత ఏడిపించేది ఈ మైళ్ళ పిచ్చి చూసి. కొత్తగా పెళ్ళయి దోహా వచ్చినప్పుడు, రాత్రి అన్నాలయ్యాక, సరే పండితులవారూ, రోమ్ నుంచి ఏథెన్స్‌కి ఎంత అనేది, నేను టక్కున చెప్పేవాణ్ణి, మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కి అనేది, అదీ చెప్పేవాణ్ణి, ఎన్ని గంటలు, మధ్యలో దిగాలా, ఏ కంపెనీ విమానం. మరి వంటింటి నుంచి ఈ చాప దాకా ఎంత అనేది, ఎందుకంటే నేను తిన్న కంచం ఎప్పుడూ చాప మీదే ఉండేది. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషివి నువ్వు అనేది. ఆ ఊళ్ళు ఒక్కటీ నేను చూడలేదు. నేనెక్కింది బొంబాయి విమానం ఒక్కటే, అదీ రెండేళ్ళకోసారి. చూడకపోయినా అవన్నీ నా వేళ్ళ మీదే ఉన్నట్టుండేది, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పంపమన్నా పంపగలననిపించేది. సుకుమారి ముందు ఆ గొప్ప పోవడం నాకిష్టం లేదు, ఇప్పుడైనా. కాదు, ఆ గొప్ప పోతే పోనీ. అక్కని చూడకుండా ఆ పిల్ల కారెక్కడం నాకిష్టం లేదు. ముప్ఫై రెండేళ్ళ మనిషిని పిల్ల అంటున్నానంటే నవ్వుతుంది గానీ, అక్క పేరెత్తితే నిజంగానే పిల్లయిపోతుంది, గొంతే మారిపోతుంది.

జెరూషా వదినని నేను చూడలేదు. ఫోటో చూశాను, నర్సాపురంలో చర్చి అరుగు మీద కూర్చుని ఒళ్ళో లేసు పెట్టుకుని, ఫోటో తీసేవాడి వంక చూడకుండా సూది వంకే చూస్తున్న ఫోటో. తల్లి పోయేనాటికి సుకుమారికి ఆరేళ్ళు, ఆవిడకి పద్నాలుగు. లేసు అల్లి చెల్లెలికి తిండి పెట్టింది, లేసు అల్లి నర్సింగు చదివించింది, ఒక పువ్వుకి ఎన్ని గొలుసులో అన్నీ లెక్కే, ఒకటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి విప్పేదట, పక్కనున్నవాళ్ళు ఎవరికి కనబడుతుంది జెరూషా అంటే నాకు కనబడుతుంది అనేదట. తర్వాత దోహా వచ్చి ఒక దొరల ఇంట్లో పిల్లల్ని చూసింది. ఆ దొరలకి జెనీవా బదిలీ అయితే వాళ్ళ వెంట వెళ్ళింది. ఎనభై అయిదులో వెళ్ళింది, ఇప్పుడు తొంభై నాలుగు. దొరలు రెండేళ్ళకే ఇంకెక్కడికో పోయారు, ఆవిడ మరో ఇంట్లో చేరింది, మధ్యలో కాగితాలకి గడువు తీరిపోయింది. ఆ దేశం దాటితే మళ్ళీ రానివ్వరు, రాకపోతే ఊళ్ళో వీళ్ళందరికీ డబ్బు పంపేదెవరని అక్కడే ఉండిపోయింది. మా పెళ్ళికి రాలేదు. వాళ్ళ నాన్న పోతే రాలేదు. ఉత్తరాలు మాత్రం నెల తప్పలేదు, ప్రతి ఉత్తరం చివరా చెల్లీ నీ జుట్టు ఇంకా ఒత్తుగానే ఉందా అని ఒకే ప్రశ్న, దానికి సుకుమారి ప్రతిసారీ ఉంది అని అబద్ధం రాయడం.

పోయిన శుక్రవారం ఇక్కడి నుంచే మాట్లాడాను ఆవిడతో. మరిదిగారూ అంది. ఆ ఒక్క మాటకే నాకు కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. ఎదురుగా ఒక మనిషితో తెలుగు మాట్లాడి తొమ్మిదేళ్ళయిందండీ, తడుముకుంటున్నాను, ఏమనుకోకండి అంది. ఏదో మాట కోసం ఆగింది, అది దొరక్క ఫ్రెంచిలో అనేసి సిగ్గుపడింది. ఎన్నింటికి దిగుతుంది అనడిగింది. నేను సరిగ్గా ఒంటిగంటా అయిదుకి అన్నాను, ఆ సరిగ్గా అన్న మాట అవసరమా నాకు? ఒంటిగంటా అయిదు, ఒంటిగంటా అయిదు అని రెండుసార్లు అనుకుంది పైకే. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటానంటే వద్దన్నది కూడా నేనే. ఎయిర్‌పోర్టులో ఊరికే నిలబడితే ఎవరో ఒకరు కాగితాలు అడుగుతారు వదినగారూ, చర్చిలో ఉండండి, నాలుగు బస్సుల జనంలో కలిసి పది నిమిషాల ముందు వెళ్ళండి చాలు అన్నాను. జాగ్రత్త చెప్పాననుకున్నాను. అప్పుడు, అక్కడిప్పుడు టైమెంత వదినగారూ అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. ఒక గొలుసు తప్పితే అంతా విప్పే మనిషి, పది నిమిషాల ముందు అన్నానంటే పది నిమిషాల ముందే వస్తుంది. పదకొండు నిమిషాల ముందు రాదు.

రెండూ ఇరవై. పాస్‌పోర్టుల దగ్గర ఉంటారు. చక్రాల కుర్చీ కాబట్టి లైన్లో నిలబడక్కర్లేదు, త్వరగా పంపేస్తారు. మామూలు రోజుల్లో మా పాసింజర్లకి నేనే నేర్పుతాను ఈ చిట్కా, కుర్చీ అడగండి, ముందు పంపుతారు అని. ఇవాళ పంపొద్దు. ఇవాళ ఎవడైనా ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఒక స్టాంపు వెతుక్కుని, స్టాంపుకి సిరా అయిపోయి, ఇంకో గదికి వెళ్ళి తెచ్చుకుంటే బాగుండు.

అసలు ఈ జెనీవాకి పంపే ఏర్పాటే నాది. పెద్దావిడకి మోకాళ్ళ ఆపరేషను, ఆసుపత్రి కొండల్లో ఎక్కడో ఉంది, దానికి దగ్గర ఎయిర్‌పోర్టు జ్యూరిక్. మాది కడప అని అయిదు నిమిషాలకోసారి చెప్పే వాళ్ళ డ్రైవర్ ఓబులయ్య పాస్‌పోర్టులు పట్టుకొచ్చి, అన్నా, లండన్‌లో నాలుగు గంటలు ఆగాలంట, ఆడ సదువుకునే మనవడు ఎయిర్‌పోర్టుకొచ్చి అవ్వను సూస్తాడంట, ఆడ్నుంచి జూరిక్ అని చెప్పినారు, రాయి అన్నాడు. నర్సుగా వెంట వెళ్ళేది మా ఆవిడే. నాకు ఆ క్షణంలోనే పుట్టింది బుద్ధి. లండన్ నుంచి జ్యూరిక్ నాలుగువందల తొంభై మైళ్ళు, జెనీవా నాలుగువందల అరవై ఎనిమిది. ఇరవై రెండు మైళ్ళు తక్కువయ్యా ఓబులయ్యా, ముసలావిడ కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవాలి, అంత తక్కువైతే అంత సుఖం అన్నాను. అబద్ధం కాదు. గాల్లో ఇరవై రెండు మైళ్ళు తక్కువే. దిగాక రోడ్డు మీద మూడు గంటలు, ఆ సంగతి నేను ఎత్తలేదు, వాళ్ళూ అడగలేదు. తిరుగు ప్రయాణం మాత్రం జ్యూరిక్ నుంచే, దాన్ని మార్చడానికి నాకు ఏ మైళ్ళూ దొరకలేదు. కాబట్టి ఉన్నది ఈ ఒక్కసారే. ఆసుపత్రి దాకా రైల్లో పోయి చూడటానికి వదినకి ధైర్యం లేదు, పేషెంటుని వదిలి కొండ దిగి రావడానికి సుకుమారికి సెలవు లేదు. దిగిన చోట, తలుపు దగ్గర, పావుగంట. ఆ పావుగంట కోసం ఒక ముసలావిడని కొండదారుల్లో మూడు గంటలు తిప్పుతున్నాను. ఆవిడకి తెలిస్తే ఏమనుకుంటుందో. సుకుమారికి ఆవిడంటే ప్రాణం, ఆవిడకీ అంతే, నా పేరు నోరు తిరగక జిడ్సన్ అంటుంది, పండక్కి ఓబులయ్య చేత మాంసం పంపిస్తుంది. తప్పు చేశాననిపిస్తోంది. మళ్ళీ చేయమన్నా చేస్తాననీ అనిపిస్తోంది.

సుకుమారి సర్దుకోవడం చూడాలి. పెద్దావిడ మందుల సంచి అడుగున ఆవకాయ సీసా, మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, దాని చుట్టూ తన స్వెట్టర్ చుట్టి. ఒక తెల్ల చీర. తెలుగు పాటల పుస్తకం. చీర ఎందుకు, అక్కడ కట్టుకుంటుందా అంటే, కట్టుకోకపోతే ముఖం తుడుచుకుంటుంది, మీకెందుకు అంది. తర్వాత సంచి జిప్పు వేస్తూ, అక్క నన్ను గుర్తుపట్టకపోతే అంది. ఇరవై మూడేళ్ళప్పుడు చూసింది నన్ను, ఎముకలు తేలి ఉండేదాన్ని, ఇప్పుడిలా ఉన్నాను. మరీ ఎత్తుకుపోయేలా లేవులే, గుర్తుపడుతుంది అన్నాను. నవ్వలేదు. అద్దం ముందు నిలబడి జడ విప్పి, పైన పల్చబడ్డ చోట జుట్టు అటు దువ్వి ఇటు దువ్వి కప్పుకుంది. నాకు ఆ అద్దంలోనే చేయి పెట్టి ఆ తల నిమరాలనిపించింది. నిమర్లేదు, టైమవుతోంది బయల్దేరు అన్నాను. టైము, టైము, ఎప్పుడూ ఇదే మాట నా నోట.

రెండున్నర దాటింది. బయటికి వచ్చేసి ఉంటారు. ఆసుపత్రి డ్రైవరు పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడి ఉంటాడు, వాళ్ళు పద్ధతైన మనుషులు, ఒక్క నిమిషం ఆలస్యం చేయరు. సుకుమారి తలుపు వైపు చూస్తూ ఉంటుంది. చీర కట్టుకున్న ప్రతి ఆడమనిషినీ, కట్టుకోని ప్రతి నల్లజుట్టునీ చూస్తూ ఉంటుంది. అక్క రాలేదనుకుంటుంది. రాలేదు అని కాదు, రావడం ఇష్టం లేక రాలేదనుకుంటుంది, తన మీద బతుకంతా ఖర్చుపెట్టి అలసిపోయిందనుకుంటుంది. ఎన్నోసార్లు నాతో అంది ఆ మాట, నేను లేకపోతే అక్కకి పెళ్ళయ్యేది అని. వదినేమో ఒంటిగంటకి అయిదు తక్కువకి వెళ్ళి, బోర్డు మీద పన్నెండూ అయిదుకే దిగిందని చూసి, చెల్లెలు తన కోసం ఆగలేదనుకుంటుంది. ఇద్దరికీ మధ్య ఇన్నాళ్ళూ దూరం ఒకటే ఉంది. ఇప్పుడు నేను దానికి అనుమానం కూడా జోడించాను. ఇంత ప్రేమించే మనుషులకి ఇంత చేటు తెలివితక్కువ లెక్క చేసి పెట్టానే అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఖాళీ ఆఫీసులో ఎవరు చూస్తారని తుడుచుకోలేదు. ప్రభువా, యెహోషువ అడిగితే గిబియోను మీద సూర్యుణ్ణే నిలబెట్టావు. నేను అడిగేది సూర్యుణ్ణి కాదు, ఒక్క డ్రైవర్ని. టైరులో గాలి దించు. లేకపోతే బస్సు తొందరగా నడుపు. ఏదో ఒకటి చెయ్యి, ఇంక మీద పుస్తకం తెరవకుండా ఎవరికీ టైము చెప్పను.

ఫోను మోగింది. రెండూ నలభై ఎనిమిది. మొదటి గంట పూర్తిగా మోగకముందే ఎత్తాను.

"ఏవండీ, నేనే. దిగాం. యుమ్మా బాగానే ఉంది." వెనకాల మైకులో ఎవరో ఫ్రెంచిలో చెబుతున్నారు. "అక్క రాలేదండి."

చెప్పేశాను. మెల్లగా చెబుదామనుకున్నవన్నీ పోయి, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. తప్పు నాది, గంట తేడా చెప్పాను, వదిన వస్తోంది, ఒంటిగంటకి ముందే వస్తుంది, దారిలో ఉంది, నువ్వు అక్కణ్ణించి కదలకు, డ్రైవర్‌కి ఏదో ఒకటి చెప్పు, కడుపునొప్పని చెప్పు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అయితే వస్తోందా, ఇష్టం లేక కాదుగా అంది చిన్నగా. కాదు అన్నాను. ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. డ్రైవరు రెండుసార్లు పెట్టెలెత్తాడట. పెద్దావిడ, తలుపు వంక ఎందుకలా చూస్తున్నావని అడిగిందట. అక్క అని చెబితే, ఎన్నేళ్ళయిందని అడిగి, తొమ్మిది అనగానే కుర్చీ బ్రేకు తనే బిగించుకుని మాఫీ, ఇప్పుడు కుదరదు అందట డ్రైవర్‌తో, ఆపరేషను రేపు కదా, మోకాళ్ళు ఎక్కడికీ పారిపోవు అందట. పొద్దున లండన్‌లో మనవణ్ణి వదల్లేక ఆవిడే గేటు దగ్గరికి అందరికంటే ఆఖర్న చేరిందట.

నేను ఏదో అనబోయాను. అటునుంచి, "ఏవండీ, ఆ తలుపు దగ్గర" అంది సుకుమారి. "తెల్ల కోటు. గొడుగు పట్టుకుని. ఆ నడక..."

టక్కుమని రిసీవరు గోడకి తగిలిన చప్పుడు. మళ్ళీ తగిలింది, ఇంకోసారి తగిలింది, వేలాడుతోంది కాబోలు. నేను రిసీవరు చెవికి అదుముకున్నాను. ఎవరెవరివో అడుగులు, చక్రాల పెట్టె ఈడ్చుకుపోతున్న చప్పుడు, ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు. తర్వాత గరగరమంటూ ఎవరో రిసీవరు అందుకున్నారు, ముసలి ఊపిరి వినిపించింది.

"జిడ్సన్," అంది పెద్దావిడ, బజారు హిందీలో. "దోనో హమ్కో భూల్ గయా."

ఇద్దరూ మనల్ని మర్చిపోయారట. అవును యుమ్మా అన్నాను. ఆవిడ నవ్వింది. సునో, విను అంది. రిసీవరుని తన చెవి నుంచి తీసి, తీగ ఎంత సాగితే అంత, వాళ్ళ వైపు చాచి పట్టుకుందని నాకు చప్పుళ్ళలోనే తెలిసింది, ఎందుకంటే ఆవిడ ఊపిరి దూరమై, ఇంకేవో రెండు ఊపిర్లు దగ్గరయ్యాయి. తర్వాత వదిన గొంతు, తడుముకోకుండా.

"ఏదీ, ఇటు తిరుగు. సరిగ్గా చూడనీ నిన్ను."